వంపు తీసిన కత్తి

మ్యూజియం అధికారిణి గార్మ్‌లీ గారికి,

వచ్చే నెల మీ అద్దాల పెట్టెలో పెట్టడానికి ఇస్తానన్న నా ఇనుప కత్తి గురించి ఇది రాస్తున్నాను. రెండు వేల ఏళ్ల నాటిదైనా చువ్వలా తిన్నగా ఉందని నలభై ఏళ్లుగా కనిపించినవాళ్లందరికీ చెప్పుకున్నాను. ఆ మాట మొదలెడితే మా ఆవిడ కెటిల్ పెట్టే వంకతో వంటింట్లోకి వెళ్లిపోయేది. అది వేరే కథ.

నిన్న కమ్మరి ఫెస్టీ తన కొలిమి దగ్గరికి పిలిచి, బురదనేలలో తనకు దొరికిన మరో కత్తి చూపించాడు. అది మధ్యకు వంగి ఉంది. మన పూర్వులు కత్తిని ఇంకెవరికీ పనికిరాకుండా వంచి, బురదకు మొక్కుగా ఇచ్చేవారని మీకు తెలుసు. ఆ వంపే మొక్కు.

"రేపు రండి పెద్దాయనా, కొలిమిలో పెట్టి సాపు చేసిస్తా. మీ పాతదాన్ని మా నాన్న చేసినట్టే!" అన్నాడు.

"ఏ పాతది?"

"మీ గోడమీదిదేనండీ. వంకరది అమ్మితే పరువు తక్కువని, మీకు ఇచ్చేముందు రెండు రోజులు కొట్టాడు."

నేను పక్కనున్న ఇనుప దాగలి మీద కూలబడ్డాను.

"ఏంటండీ, అంత సంతోషమా?" అన్నాడు ఫెస్టీ.

కొత్తదాన్ని నా కోటులో చుట్టి తెచ్చేశాను, వంపుతోనే. పెట్టెలో దాన్ని పెట్టి, కనుగొన్నవాడిగా ఫెస్టీ పేరు రాయండి. నాది కూడా పక్కనే పెట్టి, జరిగింది రాయండి.

వాళ్ల నాన్నది తప్పని మాత్రం ఫెస్టీతో అనకండి. ఇన్నేళ్లూ నేను మెచ్చుకున్నది ఆయన పనినే.