నీళ్లకు పనికిరాని జాకెట్

అన్నా,

నువ్వు ఇంటికి వస్తానే నాయనకి ఫోన్ చెయ్. ఎత్తేదాకా చేస్తానే ఉండు. నా ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. గాలి లేచింది. నడుముకి కట్టుకునే బెండ్లు తీసుకొని రేవుకి పరిగెత్తతుండా.

నేను ఫోన్‌లో తెప్పించిన లైఫ్ జాకెట్ ఉందిగదా అని, నాయన బెండ్లు ఇంట్లోనే వదిలేసి వేటకి బయల్దేరినాడు. దాని అట్టపెట్టె మీద ఇంగ్లీషు ఇప్పుడే ఫోన్‌తో చదివించినా. నాటకాల్లో వేషానికే అంట, నీళ్లలో తేలదంట. నేను బొమ్మా స్టార్లూ చూసి నొక్కేసినా. కింద రాసింది కూడా చదవాలని నువ్వొక్కసారన్నా చెప్పలేదే!

నాయన్ని తిట్టబాకు. "మా పాప తెప్పించింది" అని రేవంతా చూపించుకున్నాడు.

ధనలక్ష్మి

చిన్నపోలయ్య మామ పడవలో ఆరుగురికీ అవే తెప్పించినా. నిన్న పోయినోళ్లు ఇంకా రాలేదు.