పెద్ద డ్రమ్ము విప్పాక

అమ్మడూ,

నీకూ అల్లుడికీ నా ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం అని అలవాటుగా రాసి కొట్టేశాను. అందరం అంటే ఇప్పుడు నేనొక్కణ్ణే. క్షేమంగానే ఉన్నాను. మీరూ అలాగే ఉన్నారనుకుంటాను.

నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. ఆలస్యానికి కారణం తర్వాత రాస్తాను. ముందు నువ్వడిగినవి. వేళకు తింటున్నాను. మోకాలు మెట్లెక్కేటప్పుడే గొడవ చేస్తోంది, మిగతా వేళల్లో బుద్ధిగానే ఉంటోంది. కుట్టుమిషను ఎవరికైనా ఇచ్చెయ్యమన్నావు. ఇస్తాను. దాని సొరుగులో సగం కుట్టిన దిండు గలీబు ఉంది. దాన్నేం చెయ్యాలో తోచక ఆగాను.

టేబుల్ ఫ్యాను ఇంకా టకటకమంటోందా అన్నావు. అంటోంది. మీ అమ్మ దాన్ని కడిగి జాలీ బిగించినప్పుడల్లా ఒక మరను పూర్తిగా తిప్పేసి, తర్వాత పక్కది, ఆ తర్వాత దాని పక్కది, అలా గుండ్రంగా వెళ్ళేది. జాలీ ఒక వైపుకి ఒరిగేది. "ఎదురెదురుగా బిగించాలే, ఎన్నిసార్లు చెప్పను?" అనేవాణ్ణి. "తిరుగుతోందా లేదా? గాలి వస్తోందా లేదా? ఇంకేం కావాలి తమరికి?" అనేది. తను పోయి ఎనిమిది నెలలైంది. ఆ ఫ్యాను నేను విప్పలేదు.

ఇక అసలు సంగతి. మీ దగ్గరి మ్యూజియంలో యుద్ధకాలపు వస్తువులు ప్రదర్శనకు పెడుతున్నారనీ, తాతయ్య డ్రమ్ సెట్టు అడుగుతున్నారనీ, అది అసలుదేనని నా సంతకంతో కాగితం కావాలనీ రాశావు. "అది నిజంగా యుద్ధంలో తయారైనదేనా నాన్నా? చిన్నప్పట్నుంచీ అమ్మని ఎన్నిసార్లడిగినా, మీ నాన్ననే అడుగు అనేది. నువ్వేమో చూద్దాంలే అనేవాడివి" అన్నావు.

ముప్ఫై అయిదేళ్ళుగా నా పని ఇదే. పాత వాయిద్యం తెచ్చి నా బల్లమీద పెడతారు. అది ఏ కాలందో, ఏ భాగం మారిందో, ఏది మొదటినుంచీ ఉన్నదో చెప్పి సంతకం పెడతాను. విప్పి చూడకుండా మాట చెప్పడని నాకు పేరు. ఆ పట్టింపు ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు. ఒకసారి విప్పకుండా చెప్పాను కాబట్టి వచ్చింది.

మా పెళ్ళయిన రెండో ఏడు. నేను పనిలో కొత్త. రెండు పుస్తకాలు చదివి అంతా తెలుసనుకునే వయసు. ఒక ఆదివారం మీ అమ్మ పుట్టింటికి, మీ తాతయ్య దగ్గరికి భోజనానికి వెళ్ళాం. ఆయనతో హోటల్ బ్యాండులో వాయించిన స్నేహితులిద్దరు వచ్చారు, బాకా ఆయనా అకార్డియన్ ఆయనా. భోజనాలయ్యాక మీ తాతయ్య ముందుగదిలో సెట్టుమీద దుప్పటి తీసి, పుల్లలు చేతిలోకి తీసుకుని, వాయించేముందు ఎప్పుడూ చెప్పే మాట చెప్పారు.

"ఇది యుద్ధంలో పుట్టిన పిల్ల. ఇనుమంతా తుపాకులకి పోయింది. దీనికి కర్ర మిగిలింది."

బాకా ఆయన నాకేసి తిరిగాడు. "ఏమోయ్ అల్లుడూ, ఇలాంటివి పరీక్ష చేస్తావటగా? మావాడు ముప్ఫై ఏళ్ళుగా ఈ కథతో మా చెవులు తినేస్తున్నాడు. నిజమో కోతలో నువ్వు తేల్చు."

సరదాకే అన్నాడు. నేను లేచి వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని చూశాను. డ్రమ్ము ఒంటి చుట్టూ బిగింపు రాడ్లు దిగే చిన్న దిమ్మలుంటాయి. మామూలుగా అవి లోహంతో చేస్తారు. ఆ సెట్టుకి అన్నీ కర్రవే. తోలును బిగించి పట్టే అంచు రింగులూ కర్రవే. నా రెండు పుస్తకాల్లో అలాంటివి లేవు.

"ఈ దిమ్మలు ఫ్యాక్టరీవి కావండీ. ఎవరో వడ్రంగి చేత పెట్టించినవి. సెట్టు ఒరిజినల్ కాదు" అన్నాను.

"లోపల చూడకుండా ఎలా బాబూ? విప్పి చూడు" అన్నారు మీ తాతయ్య.

"విప్పక్కర్లేదండీ. పైకే తెలిసిపోతోంది."

అకార్డియన్ ఆయన తొడ చరిచాడు. "అయితే ఇన్నాళ్ళూ వడ్రంగి డ్రమ్ము వాయించావన్నమాట! అందుకేనేమో, ఎప్పుడూ మేకులు కొట్టినట్టుండేది!"

అందరూ నవ్వారు. మీ తాతయ్య కూడా నవ్వారు. పుల్లలు కిందపెట్టి, దుప్పటి మళ్ళీ కప్పి, నాలుగు అంచులూ సర్దారు. "ఉక్కగా ఉంది, ఇవాళ వద్దులే" అన్నారు. ఆ తర్వాత ఆయన వాయించగా ఎవరూ వినలేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మీ అమ్మ టికెట్లు సన్నగా మడుస్తూ కూర్చుంది.

"నాన్న అబద్ధం చెప్పడు" అంది చివరికి.

"అబద్ధమని నేనన్నానా? ఎవరో ఆయన్ని మోసం చేశారన్నాను."

"అది ఇంకా బాగుంది" అని కిటికీవైపు తిరిగింది.

నాలుగేళ్ళకు ఆయన పోయారు. నీకప్పుడు రెండేళ్ళు. సెట్టు మన ఇంటికి వచ్చింది. మీ అమ్మే దగ్గరుండి పైన వెనకగదిలో పెట్టించింది. ఏడాదికోసారి దాని దుప్పటి ఉతకడానికి తీసేటప్పుడు, "ఒకసారి విప్పి చూడకూడదూ?" అనేది. "చూద్దాంలే" అనేవాణ్ణి. ఊళ్ళోవాళ్ళ వాయిద్యాలన్నీ విప్పాను.

ఇప్పుడు నీకు చెప్పాల్సింది ఉంది. పన్నెండు రోజులు పట్టింది దీనికే.

నువ్వు ఆరో తరగతిలో ఉన్నప్పుడు, మూతపడిన వాయిద్యాల దుకాణం నుంచి ఒక పెట్టెడు పాత కాగితాలు నా దగ్గరికొచ్చాయి. అందులో యుద్ధకాలపు క్యాటలాగు ఒకటి ఉంది. ఏడో పేజీలో మన సెట్టు బొమ్మ. కర్ర దిమ్మలు, కర్ర రింగులు. కింద నాలుగు వాక్యాలు: యుద్ధం వల్ల వాయిద్యం బరువులో లోహం పదో వంతుకు మించకూడదని ఆంక్ష ఉందనీ, అందువల్ల గట్టి కర్ర వాడామనీ. మీ తాతయ్య మాటే, అచ్చులో.

మీ అమ్మకి చెప్పలేదు. క్యాటలాగును నా బల్ల అడుగు సొరుగులో బోర్లించి పెట్టాను. రేపు చెబుదామనుకున్నాను. చెబితే, ఆయన ఉన్నప్పుడే ఎందుకు చూడలేదని అడుగుతుంది. ఆ రేపు ఇరవై ఏళ్ళు సాగింది. నాకు తెలిశాక కూడా తను ఏటా అడిగేది, నేను చూద్దాంలే అనేవాణ్ణి. నువ్వు కాలేజీకి వెళ్ళిన ఏడు అడగడం మానేసింది. మరిచిపోయిందనుకున్నాను. హమ్మయ్య అనుకున్నాను. అది కూడా రాస్తున్నాను.

నిన్న పొద్దున వెనకగది కిటికీలు తెరిచి, పెద్ద డ్రమ్మును వెలుతుర్లోకి జరిపాను. మీ మ్యూజియం వాళ్ళకి క్యాటలాగు బొమ్మ చాలదు, లోపల చూడాలి. దాని రాడ్లకు చేత్తో తిప్పే పిడులుంటాయి, పనిముట్లేవీ అక్కర్లేదు. చెయ్యి వెయ్యబోయి ఆగాను. రింగు ఒరిగి ఉంది. ఒక రాడ్డు దగ్గర లోతుకి దిగింది, పక్కదాని దగ్గర కొంచెం తక్కువ, ఆ పక్కన ఇంకా తక్కువ. పదో రాడ్డు దాదాపు వదులు. డ్రమ్ములు వాయించేవాళ్ళెవరూ అలా బిగించరు. ఒకటి బిగిస్తే తర్వాత దాని ఎదురుది బిగిస్తారు. మీ తాతయ్య అయితే ప్రాణం పోయినా అలా వదలరు.

"ఎవడో పనిరానివాడు చెయ్యి పెట్టాడు" అని పైకే అన్నాను.

అన్నాక ఫ్యాను జ్ఞాపకం వచ్చింది.

తర్వాత పది రాడ్లూ వదులు చేసి, రింగు తీసి, తోలు ఎత్తాను. లోపల దుమ్ము లేదు. అరవై డెబ్భై ఏళ్ళ డ్రమ్ము లోపల దుమ్ము ఉండాలి. మా పనిలో దుమ్ము సాక్ష్యం. తడిగుడ్డతో శుభ్రంగా తుడిచేసి ఉంది, మన అలమార అరలు తుడిచినట్టు. ఒక్కచోట మాత్రం అరచేయంత మేర దుమ్ము అలాగే వదిలేసి ఉంది. దాని మధ్యలో పెన్సిలుతో తేదీ, తయారుచేసినవాళ్ళ పొడి అక్షరాలు. యుద్ధం మూడో ఏడు. గుడ్డ ఆ అక్షరాల దాకా వచ్చి, చెరిగిపోతాయని చుట్టూ తిరిగి వెళ్ళింది.

రింగు లోపలి అంచుకి ఒక ఆకుపచ్చ దారప్పోగు చిక్కుకుని ఉంది. నీ గది కిటికీ పరదాది. నువ్వు కాలేజీకి వెళ్ళాక ఆ పరదాలు దింపి తుడిచే గుడ్డలుగా చింపింది.

అంటే పదిహేనేళ్ళు. నా మాట తప్పని తనకి తెలుసు, తండ్రి మాట నిజమని తెలుసు. నా సొరుగులో క్యాటలాగు చూసిందో లేదో తెలియదు. నేనే విప్పుతానని ఎదురుచూసిందో, నా పరువు కాచిందో. నువ్వడిగితే మీ నాన్ననే అడుగు అని ఎందుకనేదో ఇప్పుడు అర్థమైంది. తనని అడగడానికి ఇప్పుడు వీల్లేదు.

మ్యూజియం వాళ్ళ కాగితం నింపి ఇందులో పెట్టాను. సెట్టు అసలుదే, దిమ్మలూ రింగులూ ఫ్యాక్టరీవే, యుద్ధకాలానివే. సంతకం పెట్టాను. "తర్వాతి మార్పులు" అన్నచోట, లోపలివైపు తుడిచారు, తేదీ చుట్టూ వదిలేశారు అని రాశాను. "ఎవరు చేశారు" అన్నచోట, నాకంటే ముందు విప్పి చూసినవారు అని రాశాను. వాళ్ళకి అర్థం కాకపోతే నువ్వు చెప్పు. క్యాటలాగు కూడా సెట్టుతో పంపిస్తున్నాను. బాకా ఆయనా అకార్డియన్ ఆయనా ఎప్పుడో పోయారు. మీ తాతయ్య నిజమే చెప్పారని వినడానికి నువ్వొక్కదానివే మిగిలావు.

తోలు తిరిగి పెట్టేటప్పుడు, చేతి అలవాటుకొద్దీ ఎదురెదురు రాడ్లు పట్టుకున్నాను. వదిలేశాను. ఒకటి పూర్తిగా తిప్పి, తర్వాత పక్కది, ఆ తర్వాత దాని పక్కది, అలా గుండ్రంగా పదీ బిగించాను. రింగు ఒరిగింది. అక్కడివాళ్ళు సరిచేస్తామంటారు. వద్దని చెప్పు.

నామీద కోపం వస్తే కోపంగానే రాయి. రాయడం మాత్రం మానకు.

ఇట్లు,
విప్పి చూడడానికి ఇన్నేళ్ళు పట్టిన
మీ నాన్న