మా అమ్మను ఇకపైనా సైగల తరగతిలో కూర్చోనివ్వండి

విద్యాశాఖ అధికారి గారికి,

అయ్యా,

విషయం: సైగల భాష తరగతిలో వినపడని పిల్లల కుటుంబ సభ్యులను కూడా అనుమతించవలసినదిగా విన్నపం.

వచ్చే నెల మొదటి తేదీ నుండి ఆ తరగతిలోకి పిల్లలను తప్ప ఎవరినీ రానివ్వరాదని తమ కార్యాలయం ఉత్తర్వు ఇచ్చినందున, మా ఇంట్లో రాయడం వచ్చినది నేనొక్కదాన్నే అయినందున, ఈ అర్జీ పెట్టుకుంటున్నాను.

1. నా చెల్లెలికి ఏడేళ్లు. పుట్టుకతో వినపడదు. మాట నేర్పే మాస్టారు మొదట్లో మా అమ్మతో, "చేతులు ఆడనిస్తే నోరు బద్ధకిస్తుంది, కట్టేయండి" అన్నారు. అమ్మ బట్టలు కుట్టే కార్ఖానాలో పని చేస్తుంది. మిగిలిన పీలికల్లో మెత్తనివి ఏరి తెచ్చి, తినిపించేటప్పుడు చెల్లి చేతులు వెనక్కి కట్టేది. నేను వద్దంటే, "చదువుకున్నాయన చెప్పాడే! ఆయనకంటే నీకు తెలుసా?" అనేది.

2. మాట రాలేదు. కొన్నాళ్లకు కట్టకపోయినా, పెద్దవాళ్లు గదిలోకి రాగానే చెల్లి తనంతట తానే చేతులు వెనక్కి పెట్టుకునేది. చెవిలో చీము పట్టి జ్వరం వచ్చినప్పుడూ అలాగే నిలబడింది. దిండు మీద మరక చూశాకే మాకు తెలిసింది.

3. తరగతిలో చేరిన పిదప మార్పు కలిగినది. ఆకలి, భయం, నొప్పి దేనికది చెబుతోంది. అమ్మ కూడా ఓవర్‌టైం మానుకుని వెనుక బల్ల మీద నా పక్కన కూర్చుని నేర్చుకుంటోంది. "తల్లీకూతుళ్లకు ఇదేం ఆటే" అని విసుక్కునే నాన్న, చెల్లి సైగల్లో తనకేం పేరు పెట్టిందని నన్ను చాటుగా అడిగాడు. మీసం మెలేసినట్టు చూపించాను. వెళ్లి అద్దంలో చూసుకున్నాడు.

4. ఉత్తర్వు గురించి అడుగగా తమ గుమాస్తా గారు, "చెవులున్నాయిగా, నీకెందుకమ్మా ఈ క్లాసు? కుర్చీలే చాలడం లేదు" అని సెలవిచ్చారు. అయ్యా, చెల్లి ఒక్కతే నేర్చుకుంటే ఇంటికొచ్చి గోడతో మాట్లాడాలా? కుర్చీలు వద్దు. అమ్మ నేల మీద కూర్చుంటుంది.

5. మొన్న చెల్లి అమ్మ ఎదుట నిలబడి, "నా చేతులు ఎందుకు కట్టావు?" అని అడిగింది. అమ్మకు "చేతులు" అన్నంతవరకే అర్థమైంది. మిగతాది నేను చెప్పాను. జవాబు కూడా నేనే చెబుతానంటే ఒప్పుకోలేదు. "కట్టింది నేను. నేనే చెప్పుకోవాలి. మధ్యలో నువ్వెవరే?" అంది. ఆ జవాబుకు చాలినన్ని సైగలు అమ్మకు ఇంకా రావు.

కావున తాము పై సంగతులు చిత్తగించి, ఉత్తర్వును సవరించి, ఈ నెల ఇరవై ఐదో తేదీలోగా లిఖితపూర్వకంగా జవాబు ఇప్పించవలెనని ప్రార్థన.

తమ విధేయురాలు,
చెల్లికి అక్క

తా.క.: అమ్మ జవాబు చెప్పలేకపోయిన రోజు నుంచి చెల్లి మళ్లీ చేతులు వెనక్కి పెట్టుకుంటోంది. ఇరవై ఐదు దాటనివ్వకండి.