మన్నుకు పెట్టిన పసుపు

అనంతపురం ల్యాబులో బడిపిల్లలకు పరిశోధన నేర్పే సారుకు, తొమ్మిదో తరగతి చదివే లింగేశ్వరి వాళ్ల అవ్వ చెప్పి రాయిస్తున్నది.

మన్నులో పంటకు మేలుచేసే సూక్ష్మజీవులు ఉన్నాయేమో చూడాలని మా పిల్లను మా చేని మన్ను తెమ్మన్నారు. తెచ్చిన మన్నులో పసుపు కనబడిందట. "ఎవరు కలిపినారు?" అని మీరడిగితే పిల్ల నోరు విప్పలేదట. తనే కలిపి దాస్తోందని, అబద్ధాలకోరని ఇంటికి పంపేశారు.

కలిపింది నేను. మా చేని మన్ను గడప దాటుతుంటే పసుపు పెట్టకుండా నేను పంపను. తప్పంటే నాది.

"నా పేరు యాల చెప్పలేదే?" అని అడిగితే, "ఆడ అందరూ నిన్ను చూసి నగుతారు కదవ్వా" అనింది.

నగనీ సారూ, నాకేం అరిగిపోతుంది? అవ్వ పరువు కాచిన పిల్ల అబద్ధాలకోరా?

"కొంచెం మెత్తగా చెప్పవ్వా" అంటోంది, ఇది రాస్తున్న పక్కింటి సునంద. చెప్పను. సోమవారం లింగేశ్వరి కొత్త మన్నుతో వస్తుంది. లోపలికి రానివ్వకపోతే నేనూ వచ్చి మీ గేటు ముందు కూర్చుంటాను.

ఈసారి మన్నును ముట్టను. దానికి పెట్టాల్సిన పసుపు తడిపి ఈ కాగితం మీదే వేలిముద్ర వేశాను. ఎవరు కలిపారని ఇంక పిల్లను అడగొద్దు.