సుజాత అర లీటరు

మొయినాబాద్, మంగళవారం.

చేవెళ్ల నుంచి పాలు తెచ్చే మల్లేశ్ పొద్దున మళ్లీ అడిగాడు. "సార్, ఒక్కరే ఉంటున్నరు గదా, లీటరు ఎందుకు? అర లీటరు చేద్దామా?"

రేపు చెబుతానన్నాను. సుజాత పోయి నాలుగు నెలలు. తన వంతు అర లీటరు తగ్గించమనడానికి నోరు రావడం లేదు. మిగిలినవి తోడేస్తున్నాను. పెరుగు పులిసిపోతే పారబోస్తున్నాను.

సాయంత్రం గండిపేట వెళ్లి, సాఫ్ట్‌వేర్ పిల్లలు కొనే షాపులో ఎస్ప్రెసో మిషన్లు చూశాను. చవకదానిలో నల్ల కాఫీయే వస్తుంది. పెద్దది నా పెన్షన్‌కు అందదు. మధ్యరకం దానికి పాలు నురగ కట్టించే ఆవిరి గొట్టం ఉంది.

"పాల కాఫీకైతే ఇదే తీస్కోండి సార్. కాకుంటే పాలు మస్తు తాగుతది. మేడమ్ తిడితే నన్ను అనొద్దు మరి!" అని షాపతను నవ్వాడు.

"తిట్టదు" అన్నాను. అదే తెచ్చుకున్నాను.

రెండు కప్పులు చేశాను. మొదటిదానికి నురగ రాలేదు, రెండోదానికి బాగా వచ్చింది. రెండూ నేనే తాగాను. ఇప్పుడు నిద్ర రావడం లేదు.

రేపు మల్లేశ్‌ను లీటరే పోయమనాలి. ఎందుకని అడిగితే, మిషన్ పాలు ఎక్కువ తాగుతుందని చెప్పాలి.