మూడో సిలిండరు

మేపుల్ రిడ్జ్, విస్కాన్సిన్
సెప్టెంబరు 14, 2019

వెర్న్‌కి,

మార్లిస్ రాస్తున్న ఉత్తరం. అరిజోనా ఎండకి నీ మోకాళ్ల నొప్పులు తగ్గాయని విన్నాను, సంతోషం. నా సంగతి నువ్వు అడగలేదు. అయినా బాగానే ఉన్నానని రాయడం మర్యాద కనుక రాస్తున్నాను.

నీ విమానం ఎగిరింది. నేనే ఎగరేశాను.

రెండేళ్ల క్రితం హాంగరు తాళంచెవీ, "దాన్ని ఏం చేసుకుంటావో నీ ఇష్టం" అని ఒక్క ముక్క రాసిన కాగితమూ నా పోస్టు డబ్బాలో పడేసి వెళ్లిపోయావు. ఆల్డన్‌ని, నన్ను కట్టుకున్నవాణ్ణి, మట్టిలో పెట్టి అప్పటికి పదకొండు రోజులు. ముప్పై ఏళ్లు పక్కపక్క ఇళ్లలో ఉన్నాం. మీ ఇద్దరికీ విమానం నడపడం నేర్పింది నేను. నా తలుపు తట్టడానికి నీకు చెయ్యి రాలేదు.

ఊళ్లో మాత్రం నీ నోరు బాగానే పనిచేసిందని తరవాత తెలిసింది. ఎయిర్‌ఫీల్డులో కాఫీ బల్ల దగ్గర కూర్చున్న ప్రతివాడికీ చెప్పావట. "ఇంజను చల్లబడుతోందో లేదో చూడకుండా ఎగరొద్దన్నాను. వినలేదు. మొండివాడు" అని. నాకు తప్ప అందరికీ చెప్పావు. చచ్చినవాడు లేచొచ్చి కాదనలేడు కదా.

అందుకే నీ విమానం బయటికి తీశాను. మీరిద్దరూ ఒకే నమూనా చూసి, ఒకే హాంగరులో, తొమ్మిదేళ్లు పక్కపక్కన కట్టిన విమానాలు. ఇంజను చుట్టూ గాలిని మళ్లించే రేకులు రెండింటికీ ఆల్డనే కోశాడు, ఒకే అచ్చు మీద. అతని రేకులో తప్పు లేదని నీ విమానంతోనే తేల్చి, ఆ కాగితాలు నీ మొహాన కొట్టాలనుకున్నాను. ఉన్నమాట చెబుతున్నాను.

నేను రెక్కలు తుడుస్తుంటే కాఫీ బల్ల పెద్దమనుషులు వరసగా వచ్చారు. "ఏమ్మా మార్లిస్, ఎగరడానికా, షెడ్డులో వేలాడదీసుకోవడానికా?" అని ఒకాయన వెటకారం. "నువ్వు ఎగరడం నేర్చుకున్నప్పుడు రన్‌వే పక్క కంచె విరగ్గొట్టింది నాకింకా గుర్తుందయ్యా" అన్నాను. ఆయన మళ్లీ ఇటు రాలేదు.

ఆల్డన్ విమానంలో ఒక్క సిలిండరుకే వేడి చూపించే మీటరు ఉండేది. నేను నీ దానికి నాలుగింటికీ తీగలు పెట్టాను. సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో ఎర్రరంగు నీళ్లు పోసి, ఒక కొస ఇంజను పైన, ఇంకో కొస కింద అమర్చి, మధ్య భాగాన్ని సీటు ముందు బిగించాను. పైన గాలి గట్టిగా ఒత్తుతుంటే నీళ్లు ఒక పక్క దిగి ఇంకో పక్క ఎక్కాలి. ఆరంగుళాల తేడా రావాలి. అంటే గాలి సిలిండర్ల మధ్యనుంచి దిగుతున్నట్టు.

మొదటిసారి మూడంగుళాలే వచ్చింది.

విమానం ముక్కు పైకెత్తి ఎక్కుతున్నాను. ఒకటి, రెండు, నాలుగు ఓ మాదిరిగా ఉన్నాయి. మూడో సిలిండరు వేడి నాలుగువందల డిగ్రీలు దాటింది, నాలుగువందల పది, ఇరవై, ముప్పై.  ఆల్డన్ మీటరు ఉన్నది ఒకటో సిలిండరుకి, వెర్న్. అతని విమానం కూలిన ఆ ఉదయం ముందున్న ముల్లు అంతా బాగానే ఉందని చెబుతూనే ఉండి ఉంటుంది, మూడో పిస్టన్‌కి బొటనవేలు పట్టేంత కన్నం పడేదాకా. నేను ముక్కు దించి, ఇంజను జోరు తగ్గించి, రన్‌వే మీదే గుండ్రంగా తిరుగుతూ దిగాను. నాకు అలా దిగడానికి చాలినంత ఎత్తు ఉంది. ఇంజను ఆగినప్పుడు అతనికి అంత ఎత్తు లేదు, కింద సోయాబీన్ చేను తప్ప ఏమీ లేదు.

పైమూత విప్పి చూశాను. రేకు బాగానే ఉంది. రేకు అంచున బిగించిన రబ్బరు పట్టీ మూలమీద బయటివైపుకి మడత పడింది. గాలి సిలిండర్లని తాకకుండా ఆ సందులోంచి వెళ్లిపోతోంది. అతని దాంట్లోనూ ఇదే జరిగి ఉండాలి. పట్టీ లోపలివైపు తిప్పి, మిగతా సందులు ఎర్ర సిలికాన్‌తో పూడ్చాను. మర్నాడు అదే ఎత్తు, అదే వేగం. నీళ్లు ఆరంగుళాలు. మూడోది మూడువందల ఎనభై దాటలేదు. అరపూట పని. ఆ అరపూట పని చెయ్యకే అతని ప్రాణం పోయింది.

నువ్వు చెప్పిందే నిజం. ఇదిగో ఒప్పుకుంటున్నాను. కానీ ఒక్కసారి చెప్పి, చేతులు తుడుచుకుని ఇంటికి పోయావు. అతని చేతిలోంచి తాళంచెవి లాక్కోలేదు. మర్నాడు ఎయిర్‌ఫీల్డులో ఊరందరికీ పెట్టిన పాన్‌కేకుల పలహారం వరసలో నిలబడి అతను విమానం ఎక్కుతుంటే చూశావు. దానికి నిన్ను క్షమించలేదు.

విమానం కావాలంటే వచ్చి తీసుకెళ్లు. వివరాలన్నీ సీటు వెనక సంచిలో ఉన్నాయి.

ఇట్లు,
మార్లిస్ ట్వైట్

తా.క. కవరు అంటించబోయి మళ్లీ విప్పాను.

ఆల్డన్ మొండివాడు కాదు. నీ మాట విన్నాడు. ఆ శుక్రవారం సాయంత్రం భోజనం దగ్గర, "రేపు వద్దులే మార్లిస్, వెర్న్ ఆ పరీక్షలేవో చేద్దామంటున్నాడు, అయ్యాకే చూద్దాం" అన్నాడు. మర్నాడు పాన్‌కేకులకి ఊరంతా వస్తోంది. నా దగ్గర నేర్చుకున్నవాళ్లందరికీ ఫోన్లు చేసి, ఆల్డన్ ఎగురుతున్నాడు, రండి అని నేనే పిలిచాను. "తొమ్మిదేళ్లయింది. మీ ఇద్దరికీ రేకులు కోసుకోవడమే వచ్చు. భయమైతే భయమని చెప్పు, రేపు నేనే ఎగరేస్తాను" అన్నాను. అతను ప్లేటు పక్కకి నెట్టి, "సర్లే" అన్నాడు.

ఈ మాట విచారణకి వచ్చినవాళ్లకి చెప్పలేదు, పాస్టరుకి చెప్పలేదు. ఊళ్లో అతణ్ణి మొండివాడు అన్నప్పుడల్లా విని ఊరుకున్నాను.

అక్కడ ఎవరికైనా ఈ సంగతి చెప్పాల్సొస్తే, ఇకమీదట ఇలా చెప్పు: ఆల్డన్ నీ మాట విన్నాడు, ఎగరమని పంపింది మార్లిస్.