పాత గోడౌను దగ్గర అయ్య జాడ

చిరంజీవి తమ్ముడు నూకరాజుకు అక్క అప్పలనర్సమ్మ దీవించి రాయునది.

సింహాద్రి అప్పన్న దయవల్ల దువ్వాడలో మేం ముగ్గురం బాగున్నాం. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? మరదలు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఈ ఉత్తరం అమ్మ వినేలా చదవకు. ఒక్కడివే చదువుకో. కొట్టు ఫోనులో చెప్పే మాట కాదు గనక రాస్తున్నాను.

మొన్న ఆదివారం పొద్దున్న ఎప్పటిలాగే లేచాను. వాకిలి ఊడిస్తే చీపురుకు సన్నటి నల్లపొడి అంటుకుంది. ఫ్యాక్టరీ పొగతో ఇక్కడ రోజూ అంతే. ముగ్గేసి, దీపం పెట్టి, దండం పెట్టుకున్నాను. మీ బావ షిఫ్టు దిగి వచ్చి, చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుని పడుకున్నారు. ఇక్కడికొచ్చి నాలుగు నెలలైనా ఇరుగుపొరుగుతో నాకు మాట కలవలేదు. అది చూసే నీ మేనకోడలు పద్మ, "ఇంట్లో కూకుని ఏటి సేత్తావమ్మా, నాతో రా" అంది. తను పనిచేసే కాలేజీలో చరిత్ర మాస్టారొకాయన నెలకోసారి విశాఖ పాత టౌనులో జనాన్ని నడిపిస్తూ, హంతకులెవరో తేలని పాత హత్యలు జరిగిన చోట్లు చూపిస్తారట.

"సచ్చినోళ్ల ఇళ్లు సూడ్డానికి టిక్కెట్టా?" అన్నాను. అది నవ్వింది. వెళ్లాను.

మొదట ఒక దొర చచ్చిపడిన మేడ చూపించారు. తర్వాత నగలతో సహా పెళ్లికూతురు తేలిన బావి. నేను మనసులో నామం చెప్పుకుంటూ నడిచాను. మూడోది హార్బరు దగ్గర పాత గోడౌను. వారం వారం నేను చేపలకు వెళ్లేది ఆ గోడ పక్కనుంచే తమ్ముడూ.

మాస్టారు పాత కాగితం చూసి చెప్పారు. నలభై ఏళ్ల కిందట అక్కడ ఒక మనిషి తల పగిలి పడి ఉన్నాడట. పేరు తెలియదు. ఒంటిమీద గుర్తు ఒకటే. వలకు కట్టే సీసపు గుండు మొలతాడుకు వేలాడుతోంది. దానిమీద అడ్డంగా రెండు గాట్లు, నిలువుగా ఒకటి.

నీ వల గుండ్ల మీద ఈనాటికీ నువ్వు పెట్టే గాట్లు అవే. అయ్యకు ముందు పుట్టిన ముగ్గురూ పోతే, ఈ బిడ్డయినా నిలవాలని నాయనమ్మ మన ఇంటి వలలోంచి ఒక గుండు తీసి ఆయన మొలకు కట్టింది. అయ్య కనబడకుండా పోయేనాటికి నువ్వు ఉయ్యాల్లో ఉన్నావు. ఆయన మొలకు ఆ గుండు నేను చూశాను.

"దొంగేమో సార్. సరుకు లేపేద్దామని వచ్చి దొరికిపోయుంటాడు" అన్నాడొక కాలేజీ కుర్రాడు. అందరూ నవ్వారు.

"దొంగ కాడు బాబూ. ఆయన మా అయ్య" అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. మాస్టారు కాగితం మళ్లీ చూసి, "శవాన్ని మూడు రోజులు ఉంచారటమ్మా. మీవాళ్లెవరూ రాలేదే?" అని అడిగారు.

"మాం సముద్రం కాడ ఉన్నాం బాబూ."

అంతే కదా తమ్ముడూ. అయ్య తెప్ప ఖాళీగా మన ఊరి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. సముద్రమే తీసుకుందనుకున్నాం. ఆ మూడు రోజులూ గంగమ్మకు పసుపూ కుంకుమా చల్లుతూ నీళ్లవైపే చూశాం. ఒక్కరమైనా వెనక్కి తిరిగి నేలమీద వెతకలేదు. శవం రాలేదు గనక అమ్మ గాజులు తియ్యలేదు. నాలుగోనాడు ఇక్కడ ఆయన్ని దిక్కులేనివాళ్లతో పాటు పూడ్చేశారు. విశాఖ ఒడ్డున ఎందుకు దిగాడో, ఎవరు కొట్టారో మాస్టారికీ తెలియదు.

ఆ గోడమీద చెయ్యి పెట్టాను. అంత ఎండలోనూ చల్లగా ఉంది. అప్పట్నుంచి వంట చేస్తున్నా, బట్టలు ఆరేస్తున్నా, ఎవరో వెనక నిలబడి పిలవకుండా చూస్తున్నట్టే ఉంటోంది. భయపడకు, నాకు ఒంట్లో బాగానే ఉంది. బాగానే తింటున్నాను.

ఆ సాయంత్రం మీ బావ అమ్మకు చెప్పొద్దన్నారు. "ఇప్పుడు సెప్పి ఏటి సేత్తావ్? డెబ్బై దాటిన మనిషి గాజులు పగలగొడతావా?"

"తాతకి ఒక్క పిండం పడనేదు నాన్నా. పైగా దొంగంటన్నారు" అంది పద్మ.

మీ బావ లేచి కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టారు. తర్వాత, "నూకరాజుకి రాయి" అన్నారు.

మరదలికీ పిల్లలకూ నా దీవెనలు. చిన్నాన్నకూ పిన్నికీ దండాలు చెప్పు. ఎండు నెత్తళ్లు కొంచెం దాచి ఉంచు, ఇక్కడివి ఉప్పుకశం.

ఇక మేం ముగ్గురం అనుకున్నది ఇది. శుక్రవారం నేనూ మీ బావా వస్తాం. అమ్మకు నేనే చెబుతాను, పెద్దదాన్ని. బొట్టూ గాజులూ ఉంచుకోవడం, తీసెయ్యడం అమ్మ ఇష్టం. వీధి ఆడవాళ్లెవరూ ఆమెమీద చెయ్యి వెయ్యకుండా పక్కనే కూర్చుంటాను. తర్వాత నిన్ను ఇక్కడికి తీసుకొస్తాం. పిండం నువ్వే పెట్టాలి. ఆ గోడౌను దగ్గర, నేలమీద. మాస్టారికి అయ్య పేరు పద్మ రాసి ఇస్తుంది. ఇకమీదట ఆ గోడ దగ్గర ఆగినవాళ్లకు ఆయన ఎర్రయ్య అని చెబుతారు.

నీ అక్క,
అప్పలనర్సమ్మ